కుక్కతో జర్మనీ ప్రయాణం: ముందు క్యాలెండర్, తర్వాతే టికెట్

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇల్లు కూకట్‌పల్లి. నాలుగేళ్ల ల్యాబ్రడార్, పేరు బ్రూనో. మ్యూనిచ్‌లో ఉద్యోగం వచ్చింది, రెండు నెలల్లో చేరాలి. ఏటేటా వేయించిన టీకాలన్నీ పుస్తకంలో ఉన్నాయి, మైక్రోచిప్ మాత్రం లేదు. డాక్టర్ దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం రాయించుకుంటే సరిపోతుందా? అక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు పన్ను అడుగుతారా? రెండేళ్ల తర్వాత అమెరికాకి మారాల్సి వస్తే మళ్లీ మొదటి నుంచీ ఇదంతా చేయాలా?

హైదరాబాద్‌లో పశువైద్యుడిగా ఇలాంటి కాగితాలు నింపడం నా పనిలో భాగం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు చేదు మాట చెప్పేస్తా. రెండు నెలల్లో బ్రూనో జర్మనీలో అడుగు పెట్టలేడు. చిప్ రేపే వేయించినా కనీసం నాలుగు నెలలు పడుతుంది. డబ్బు పెట్టినా, పెద్ద ఏజెంటును పట్టుకున్నా ఆ నాలుగు నెలలు తగ్గవు.

ఎందుకంటే రేబీస్ విషయంలో యూరోపియన్ యూనియన్ దేశాలను జాబితాలుగా విడగొట్టింది. అమెరికా, జపాన్, సింగపూర్, యూఏఈ లాంటివి జాబితాలో ఉన్నాయి. భారత్ లేదు. జాబితాలో లేని దేశం నుంచి వచ్చే కుక్కకి టీకాతో పాటు రక్తపరీక్ష, ఆపైన నిరీక్షణ తప్పవు. ప్రపంచంలో రేబీస్ మరణాల్లో సుమారు 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే ఉండకపోవడంలో వింతేమీ లేదు. దుబాయ్‌లో ఉంటున్న మనవాళ్లు అక్కడి కుక్కను తీసుకుని జర్మనీ వెళ్తే ఈ రక్తపరీక్ష బాధ లేదు. వాళ్లు రాసిన అనుభవాలు చదివి "మూడు వారాల్లో అయిపోయిందట" అనుకుని చాలామంది మోసపోతారు. కుక్క ఏ దేశం నుంచి బయలుదేరుతోందన్నదే ఇక్కడ లెక్క, యజమాని పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది కాదు.

ఇప్పుడు వరుస. ఈ వరుస తప్పితే ఎన్ని కాగితాలున్నా చెల్లవు.

మొదట చిప్. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపడే 15 అంకెల చిప్. మెడ వెనక చర్మం కింద సూదితో వేస్తాం, మత్తు అక్కర్లేదు. చిప్ వేశాకే రేబీస్ టీకా. అదే రోజు వేయొచ్చు గానీ చిప్ ముందు, టీకా తర్వాత. మీ పుస్తకంలో ఉన్న నాలుగేళ్ల టీకాలు వైద్యపరంగా బ్రూనోని కాపాడాయి, అందులో సందేహం లేదు. కాగితం మీద మాత్రం వాటికి విలువ లేదు. టీకా ఏ కుక్కకి వేశారో నిరూపించేది చిప్ నంబరొక్కటే. గోధుమరంగు ల్యాబ్రడార్లు మన ఊళ్లో ఎన్ని లేవు!

టీకా వేసిన రోజు నుంచి 30 రోజులు నిండాక రక్తం తీస్తాం. సీరం వేరు చేసి, చల్లగా ప్యాక్ చేసి, యూరోపియన్ కమిషన్ ఆమోదించిన ల్యాబ్‌కే పంపాలి. ఆ ల్యాబ్‌ల జాబితా కమిషన్ వెబ్‌సైట్లో ఉంటుంది. ఊళ్లోని మామూలు డయాగ్నస్టిక్ సెంటర్ రిపోర్టు ఎంత బాగున్నా పనికిరాదు. రేబీస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) గానీ అంతకు మించి గానీ ఉండాలి. ఏటా టీకా పడుతున్న కుక్క కాబట్టి బ్రూనో దీన్ని దాటేయడం దాదాపు ఖాయం. ఇబ్బంది పడేవి కుక్కపిల్లలు. జీవితంలో మొదటి రేబీస్ టీకా ఒక్కటే పడిన కుక్కపిల్లల్లో యాంటీబాడీలు చాలకపోవడం మామూలే. అలాంటివాటికి కొన్ని వారాల తేడాతో రెండో మోతాదు కూడా వేశాకే రక్తం తీయమంటాను. అలాగని తీరిగ్గా ఆరు నెలల తర్వాత తీసినా లాభం లేదు. టీకా తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల మధ్య యాంటీబాడీలు బాగా ఉంటాయి, ఆపైన మెల్లగా తగ్గుతాయి.

రక్తం తీసిన తేదీ నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన తేదీ నుంచి కాదు. ఇది మీకు కలిసొచ్చే విషయమే, ల్యాబ్ ఆలస్యం చేసినా మీ గడియారం నడుస్తూనే ఉంటుంది. ఉదాహరణకి జూన్ 1న చిప్, టీకా అయితే జులై 1కి ముందు రక్తం తీయకూడదు. అక్టోబర్ 1కి ముందు జర్మనీలో దిగకూడదు. ఒక్కరోజు ముందు దిగినా నిబంధన తప్పినట్టే. నేనైతే 30వ రోజు కూడా తీయను, ఒకటి రెండు రోజులు అదనంగా వదిలేస్తా. తేదీలు లెక్కపెట్టే పద్ధతిలో ఇద్దరు అధికారుల మధ్య తేడా వస్తే నష్టపోయేది కుక్కే.

రిపోర్టు బాగా వచ్చాక ఇంకా మూడు నెలలు దేనికని చాలామందికి కోపం వస్తుంది. రక్తపరీక్ష చెప్పేది టీకా పనిచేసిందని మాత్రమే. టీకాకి ముందే ఏ వీధికుక్కో కరిచి, వైరస్ ఒంట్లో నిశ్శబ్దంగా ఉంటే ఆ పరీక్షలో తెలియదు. అలాంటి కుక్కల్లో చాలావాటికి ఈ గడువులోపు లక్షణాలు బయటపడతాయి. బ్రిటన్ 2000 సంవత్సరం వరకూ బయటి కుక్కల్ని ఆరు నెలలు క్వారంటైన్ బోనుల్లో ఉంచేది. ఇప్పుడు ఆ నిర్బంధాన్నే మీ ఇంటి సోఫా మీద గడపనిస్తున్నారు. అలా చూస్తే మూడు నెలలు పెద్ద శిక్ష కాదనే నా అభిప్రాయం.

ఒక్కసారి పాసైన రక్తపరీక్షను, రేబీస్ టీకా గడువు దాటకుండా వేయిస్తున్నంత కాలం మళ్లీ చేయించనక్కర్లేదు. గడువు ఒక్కరోజు దాటిందా, ఆ తర్వాత వేసిన టీకా "మొదటి టీకా" కిందికి వస్తుంది. పరీక్ష, నిరీక్షణ మళ్లీ మొదలు. టీకా పుస్తకంలో బ్యాచ్ నంబరు స్టిక్కరు, వేసిన తేదీ, చెల్లుబాటు తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మన దగ్గర చాలా క్లినిక్‌లలో స్టిక్కరు అంటించి తేదీ రాయడం మర్చిపోతారు. చిప్‌ని కూడా ప్రతిసారీ స్కానర్‌తో చదివించి, 15 అంకెల్నీ కాగితం మీదివాటితో పోల్చండి. ల్యాబ్ ఫారంలో ఒక్క అంకె తేడా పడితే ఆ రిపోర్టు వేరే కుక్కది అయిపోతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. "చిప్ తేదీ వెనక్కి వేయిద్దాం సార్, పాత టీకానే లెక్కలోకి వస్తుంది" అనే ఏజెంట్లు ఉన్నారు. ఆ మాట విన్న వెంటనే లేచి వచ్చేయండి. తేదీలు పొంతన కుదరకపోతే అక్కడి అధికారులకి చట్టం ఇచ్చిన దారులు మూడే: వచ్చిన దేశానికి తిప్పి పంపడం, మీ ఖర్చుతో క్వారంటైన్‌లో ఉంచడం, ఈ రెండూ వీలుకాకపోతే ఆ జంతువు ప్రాణం తీయడం. మూడోది అరుదే. కానీ చట్టంలో ఉంది.

సరే, మీరు రెండు నెలల్లో చేరక తప్పదు, బ్రూనో నాలుగు నెలల తర్వాతే రాగలడు. అప్పుడేం చేయాలి? మీరు అడగని ప్రశ్న ఇది, అసలు చిక్కు మాత్రం ఇక్కడే ఉంది. పెంపుడు కుక్క ప్రయాణం "వ్యాపారేతర రవాణా"గా లెక్కకి రావాలంటే యజమాని తనతో ఉండాలి, లేదా యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య తేడా ఐదు రోజులు మించకూడదు. ఈ ఐదు రోజుల్లోపు అయితే మీరు రాతపూర్వకంగా అధికారమిచ్చిన మరొకరు, అంటే మీ ఆవిడో తమ్ముడో, తీసుకురావచ్చు. మీరు ఆగస్టులో వెళ్లిపోయి, అక్టోబరులో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తూ కుక్కను తెస్తామంటే ఈ దారిలో కుదరదు. అది వాణిజ్య సరుకు నిబంధనల కిందికి పోతుంది. ఆ కాగితాలు వేరు, చాలా కష్టం. "కుక్క నాన్నగారిదే అని రాయించేద్దాం" అనే ఆలోచన కూడా వద్దు. అక్కడ దిగాక మీకు అప్పగించడమంటే యజమాని మారినట్టే, సంతకం పెట్టే ప్రకటనలో అలా మారదని రాసిస్తారు మరి.

కాబట్టి నా సలహా, చేరే తేదీని రెండు నెలలు వాయిదా వేయమని కంపెనీని ముందు అడగండి. కుదరకపోతే మీరు వెళ్లి, ఇల్లు చూసుకుని, దసరాకో సంక్రాంతికో వచ్చి మీతోపాటే తీసుకెళ్లండి. కుక్కను ఉంచుకోనిచ్చే అద్దె ఇల్లు మ్యూనిచ్‌లో దొరకడానికి సమయం పడుతుంది. ఆ లెక్కన రెండో పద్ధతే మేలని కూడా అంటాను. ఈలోగా చిప్, టీకా, రక్తం మూడూ మీరు ఇక్కడ ఉండగానే పూర్తి చేయించండి. ఆ తర్వాత మిగిలేది ఎదురుచూడటమే, అది అమ్మ చూసుకుంటుంది.

బయలుదేరే వారం పని ఎక్కువ. మీ డాక్టర్ రాసే ఆరోగ్య ధ్రువపత్రం ఇక్కడ మెట్టు మాత్రమే. చెల్లేది యూరోపియన్ యూనియన్ నమూనాలో ఉన్న ధ్రువపత్రం, దాని మీద ప్రభుత్వ అధికారి ముద్ర ఉండాలి. మన దగ్గర ఆ పని చేసేది కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉండే యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్, అందరూ ఏక్యూసీఎస్ అంటారు. హైదరాబాద్‌లో స్టేషన్ ఉంది. విజయవాడ, విశాఖ వాళ్లు హైదరాబాదో చెన్నైయో వెళ్లాలి. ముద్ర పడిన రోజు నుంచి పది రోజుల్లోపు యూరప్‌లో తనిఖీ జరగాలి, కాబట్టి మరీ ముందు చేయించుకోవడానికి లేదు. టికెట్, పాస్‌పోర్టు కాపీలు, టీకా పుస్తకం, ల్యాబ్ రిపోర్టు అసలుది, మీ డాక్టర్ పత్రం, వ్యాపారం కోసం కాదన్న మీ ప్రకటన వెంట ఉంచుకోండి. కుక్కను కూడా తీసుకెళ్లండి, వాళ్లు చిప్ చదువుతారు. శనివారం, ఆదివారం, పండగ సెలవులు చూసుకుని అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. దసరా సెలవుల మధ్య పది రోజుల గడువు ఎంత ఇరుకో అప్పుడు తెలుస్తుంది.

జర్మనీకి బద్దెపురుగు మందు అక్కర్లేదు. ఫిన్లాండ్, ఐర్లాండ్, మాల్టా, నార్వే, బ్రిటన్ వెళ్లేవాళ్లకి కావాలి. దిగడానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు వరకు ఉన్న వ్యవధిలో డాక్టరే మింగించి, సమయంతో సహా ధ్రువపత్రంలో రాయాలి.

విమానం సంగతి. చిన్న కుక్కలకి కొన్ని సంస్థలు క్యాబిన్‌లో చోటిస్తాయి, సంచీతో కలిపి ఎనిమిది కిలోల దగ్గర గీత గీసేవి ఎక్కువ. ల్యాబ్రడార్ కిందే వెళ్లాలి, లగేజీగానో కార్గోగానో. ఆ కింది భాగంలో ఒత్తిడి, ఉష్ణోగ్రత సరిచూసే అర ఉంటుంది, భయపడకండి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి మధ్యలో మారే మార్గం కన్నా అదే చూడమంటాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జంతువుల కోసమే ప్రత్యేకంగా లౌంజ్ ఉంది, పశువైద్య తనిఖీ అక్కడ రోజువారీ పని. అక్కడి నుంచి మ్యూనిచ్‌కి రైల్లో వెళ్లిపోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పంపొద్దు. ప్రమాదం ఆకాశంలో తక్కువ, ఎండలో కాలే రన్‌వే పక్కన లోడింగ్ కోసం ఆగే ఆ అరగంటలో ఎక్కువ. హచ్ ప్రకటన పుణ్యమా అని మన ఇళ్లలోకి వచ్చిన పగ్‌లు, బుల్‌డాగ్‌లు, షిట్జూల్లాంటి చప్పిడిముక్కు జాతులను చాలా సంస్థలు కింద అసలు ఎక్కించుకోవు. ఊపిరి అందక చనిపోయే ప్రమాదం నిజమైనదే, ఆ నిషేధం మీద నాకేమీ ఫిర్యాదు లేదు.

క్రేట్, అంటే కుక్కను పంపే బోను, విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నిబంధనల ప్రకారం ఉండాలి. లోపల కుక్క తల వంచకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్లు చాపి పడుకోవాలి. ఎత్తు కొలిచేటప్పుడు చెవుల కొస వరకూ కొలవండి. నీళ్ల గిన్నె తలుపుకి బిగించి, బయట నుంచి నింపేలా ఉండాలి. రాత్రి గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే మెల్లగా కరుగుతూ, ఎత్తినప్పుడు ఒలికిపోకుండా ఉంటాయి. మత్తుమందు మాత్రం ఇవ్వొద్దు. చాలామంది "నిద్రపోతే హాయిగా ఉంటాడు కదా" అంటారు. మత్తులో ఉన్న కుక్క రక్తపోటు పడిపోతుంది, కుదుపుకి ఆసరా చేసుకోలేదు, గమనించేవాళ్లు అక్కడ ఉండరు. విమాన సంస్థలు కూడా ఒప్పుకోవు. ఈ నాలుగు నెలల్లో చేయాల్సిన అసలు పని క్రేట్ అలవాటు చేయడం. ఇప్పుడే కొని, హాల్లో తలుపు తీసి పెట్టండి, అన్నం అందులోనే పెట్టండి. ప్రయాణం నాటికి అది తన గది అనుకోవాలి.

కస్టమ్స్ గురించి. ఇక్కడ బయటికి వెళ్లేటప్పుడు కుక్క మీద సుంకమేమీ లేదు. లగేజీగా వెళ్తే చెక్-ఇన్ దగ్గర ఏక్యూసీఎస్ పత్రం చూపిస్తే చాలు. కార్గోగా వెళ్తే షిప్పింగ్ బిల్, అంటే కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం, వేయాలి, ఆ ఒక్క పనికి ఏజెంటు ఖర్చు దండగ కాదు. జర్మనీలో దిగాక, చూపించాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే గ్రీన్ చానెల్‌లోంచి వచ్చేయకండి. రెడ్ చానెల్‌కి వెళ్లి కుక్క ఉందని చెప్పి, కాగితాలు చూపించాలి. పన్ను విషయానికొస్తే, నివాసం మార్చుకుని వచ్చేవాళ్ల సొంత వస్తువులకి యూరోపియన్ యూనియన్ ఇచ్చే మినహాయింపులో పెంపుడు జంతువులూ ఉన్నాయి. మీరు కనీసం 12 నెలలుగా యూరప్ బయట ఉంటూ, కుక్క కనీసం ఆరు నెలలుగా మీదై ఉండాలి. నాలుగేళ్ల టీకా పుస్తకమే దానికి సాక్ష్యం. పాతవి పారేయొద్దని చెప్పేది అందుకే. ఉద్యోగ ఒప్పందం, కొత్త ఇంటి చిరునామా కాగితం కూడా చేతిలో ఉంచుకోండి.

కస్టమ్స్‌లో మనవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది కుక్కతో కాదు, కుక్క తిండితో. యూరప్ బయట నుంచి మాంసం, పాల పదార్థాలు లగేజీలో తేవడం నిషేధం. డాగ్ ఫుడ్, ఎండబెట్టిన చికెన్ ముక్కలు, నమిలే ఎముకలు అన్నీ ఇందులోకే వస్తాయి. జబ్బు కోసం డాక్టర్ రాసిన ప్రత్యేక ఆహారమైతే సీలు తీయని కంపెనీ ప్యాకెట్ రెండు కిలోల వరకు అనుమతిస్తారు. బ్రూనోకి అలాంటి జబ్బేమీ లేదు కాబట్టి ఖాళీ గిన్నెతో వెళ్లండి, మేత అక్కడ కొనండి. తిండి మార్పుకి కడుపు చెడకుండా, అక్కడ దొరికే బ్రాండ్‌కి ఇక్కడే నెల ముందు నుంచి అలవాటు చేస్తే ఇంకా మంచిది.

ల్యాబ్రడార్‌కి వర్తించదు గానీ ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. పిట్‌బుల్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్, స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్, బుల్ టెరియర్‌లను జర్మనీలోకి తీసుకురావడం 2001 నుంచి చట్టప్రకారం నిషేధం. సంకరజాతులకి కూడా. వచ్చాక ఊరిని బట్టి ఏటా కుక్క పన్ను కట్టాలి, బెర్లిన్‌లో మొదటి కుక్కకి 120 యూరోలు. కుక్క ఎవరినైనా గాయపరిస్తే నష్టం భరించే బీమా కొన్ని రాష్ట్రాల్లో తప్పనిసరి.

అమెరికా ప్రశ్నకి మీకు మంచి వార్తే. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి. ఏ దేశం నుంచి వచ్చినా కుక్కకి ఆరు నెలల వయసు నిండాలి, చిప్ ఉండాలి, సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అంతకు ముందు ఆరు నెలలూ రేబీస్ ముప్పు తక్కువున్న దేశాల్లోనే ఉన్న కుక్కకి సీడీసీ తరఫున అంతే చాలు. జర్మనీలో రెండేళ్లున్న బ్రూనో ఈ కోవలోకి వస్తాడు, మీ రాష్ట్రమో విమాన సంస్థో అదనంగా అడిగేవి ఉంటే చూసుకోవాలి. భారత్ నుంచి నేరుగా వెళ్లే కుక్క పరిస్థితి వేరు. మనది అధిక ముప్పు దేశం. చిప్ తర్వాత వేసిన టీకాకి ప్రభుత్వ పశువైద్యుడు ధ్రువీకరించిన సీడీసీ ఫారం, సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌లో రక్తపరీక్ష కావాలి. ఆ రక్తం ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. సీడీసీ దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. అలాంటి కేంద్రాలు న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలెస్, మయామి లాంటి కొద్ది విమానాశ్రయాల దగ్గరే ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లస్‌కి నేరుగా దించుదామంటే కుదరదు, ముందు వీటిలో ఒకచోట దిగి, ఆ కేంద్రంలో పరీక్ష, మరో రేబీస్ టీకా అయ్యాకే ముందుకు. రక్తపరీక్ష లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మీదే. పైగా అక్కడి వ్యవసాయ శాఖకి, పుండ్లకు పట్టే స్క్రూవార్మ్ పురుగులు లేవని ప్రయాణానికి ముందు ఐదు రోజుల్లోపు పరీక్షించి ఇచ్చిన పత్రం చూపాలి. అరికాళ్లకీ బొచ్చుకీ మట్టి, గడ్డి అంటుకుని ఉండకూడదు. గాలికుంటు వ్యాధి అక్కడి పశువులకు పాకుతుందన్న భయం అది.

ఆస్ట్రేలియా అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు. భారత్ నుంచి నేరుగా కుదరదు. ఆమోదిత దేశంలో కనీసం 180 రోజులు ఉంచి, అక్కడి నుంచే తీసుకెళ్లాలి.

చివరగా తిరిగి రావడం. 2016 నుంచి మన దేశంలోకి కుక్కల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. మామూలు ప్రయాణికులకి మిగిలింది పెంపుడు కుక్క దారే, దానికి పెట్ బుక్ (కుక్క టీకా పుస్తకం), ఇతర రికార్డులు తెచ్చేవాళ్ల పేరు మీదే ఉండాలి. రెండేళ్లు విదేశంలో ఉండి నివాసం మార్చుకుని వచ్చేవాళ్లు రెండు జంతువుల వరకు లగేజీ కింద తెచ్చుకోవచ్చు, ఏక్యూసీఎస్ నుంచి ముందుగా ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. బ్రూనో పుస్తకం మీద యజమానిగా ఇప్పుడు నాన్నగారి పేరుంటే, చిప్ వేయించేరోజే కొత్త పుస్తకంలో మీ పాస్‌పోర్టులో ఉన్నట్టు, ఇంటిపేరు స్పెల్లింగుతో సహా, మీ పేరు రాయించండి.